ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఖాళీ

తెల్లవారి ఐదున్నర కాబోతుండగా పటాలంలో కాపురముండే వాళ్లు ఎవరి సామాను వాళ్లు పట్టుకుంటారు. మూడో బారకులో హోటలు నడిపే హనుమాయమ్మ సాంబారు గుండిగను పొయ్యి మీద నుంచి దించి, మసిగుడ్డతో రెండు చెవులూ పట్టుకుని నిలబడుతుంది. సైకిలు షాపు అబ్దుల్ మజీద్ గోడకు ఆనించిన సైకిళ్లన్నిటినీ నేల మీద పడుకోబెడతాడు. ఎరువుల కొట్టు పున్నారావు పురుగుమందు డబ్బాల బీరువాకు వీపు ఆనిస్తాడు. సరిగ్గా ఐదున్నరకు పన్నెండు బారకులూ, పెద్ద మంచాన్ని గచ్చు మీద ఈడ్చినట్టు గుర్రుమంటూ, కాస్త ముందుకో వెనక్కో జరిగి వరసలోకి వస్తాయి. నిమిషం కూడా పట్టదు. తర్వాత హనుమాయమ్మ గుండిగ మళ్లీ పొయ్యెక్కిస్తుంది, మజీద్ సైకిళ్లు లేపుతాడు, పున్నారావు గవర్నమెంటును తిడతాడు.

గేటు బయట బంకులో కుట్టుమిషను పెట్టుకున్న పీరాంబీకి ఈ బాధ లేదు. ఆమె బంకు కదిలేది కాదు. ఐదున్నరకు లేచే దుమ్ము సద్దుమణిగిందాకా చీపురు పట్టుకుని నిలబడి, ఆ తర్వాత తన ముందు నాలుగడుగులూ ఊడ్చుకుని, టీ గ్లాసు మిషను బల్ల మీద పెట్టుకుని కూర్చునేది. గ్లాసులో టీ తొణికేది కాదు. హనుమాయమ్మ గేటు దాకా వచ్చి అసూయపడేది.

"నీకేమే, హాయిగా బయటున్నావు," అనేది.

"లోపలికి రానిస్తే గదక్కా, తొణుకుద్దో లేదో తెలిసేది," అనేది పీరాంబీ.

పటాలం అంటే నరసరావుపేట నుంచి వినుకొండ పోయే దారిలో, శావల్యాపురానికి ఇవతల, రైలు కట్ట పక్కనున్న పాత మిలటరీ క్యాంపు. జపానోళ్లు బాంబులేస్తారని భయపడిన రోజుల్లో తెల్లవాళ్లు నాపరాళ్లతో కట్టారు. తర్వాత మనవాళ్లు టెంట్లూ బూట్లూ దాచే డిపో చేసుకున్నారు. డెబ్భై ఎనిమిదిలో మూసేశారు. సిపాయిలు రైలెక్కారు, సామాను లారీల్లో పోయింది, బ్యూగులు ఊదే మనిషి తన బ్యూగులు సంచిలో వేసుకుని ఊరికి పోయాడు. బారకులకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. అవి ఎప్పటిలాగే పొద్దున్నే ఫాలిన్ అవుతూ, అంటే పెరేడుకు వరస కడుతూ, వచ్చాయి. ఏడేళ్లు వాటిని చూసింది మేకలూ పీరాంబీ మాత్రమే.

ఎనభై అయిదులో గవర్నమెంటు ఆ భూమిని తన చేతికి తీసుకుంది. 'పటాలం వాణిజ్య నివాస సముదాయం' అని గేటు మీద రేకు బోర్డు లేచింది. బారకుల్లో కింద కొట్లు, పైన అంతస్తు వేసి ఇళ్లు. వెనక గోదాముల్లో ట్రాక్టరు రిపేరు షెడ్లు, పత్తికీ మిరపకాయకీ నిలవ గదులు. పెరేడు మైదానంలో సంత. ఒకటో బారకు ఆఫీసు. దానికి గోపాలకృష్ణయ్య గారని ఒక స్పెషలాఫీసరు వచ్చాడు, ఆయన కింద పుల్లారావని ఒక గుమాస్తా. మొదటి విడత కొట్లు తీసుకున్న వాళ్లు పైన మేడ లేవకముందే కిందికి కాపురాలు దించేశారు.

అదే విడతలో పీరాంబీకి నోటీసు వచ్చింది. గేటు ముందు రోడ్డు అరవై అడుగులు చేస్తున్నారు కాబట్టి వచ్చే మే పదిహేనో తారీఖు లోపల బంకు తీసేయాలి. నోటీసు కింది భాగంలో ఇంకో ముక్క ఉంది. పూర్వం క్యాంపును నమ్ముకుని పనిచేసిన చేతిపనుల వాళ్లకు లోపల చోటు ఇస్తారు, తగిన రుజువు చూపిస్తే.

పీరాంబీకి ఆ రెండో ముక్క చదివించుకున్నాక నవ్వొచ్చింది. నమ్ముకోవటం ఏంది. ఆమె మామ క్యాంపు దర్జీ. ఆమె మొగుడు ఇమాం సాహెబ్ క్యాంపు దర్జీ. ఇరవై ఏళ్ల పాటు ఆ పటాలంలో ఆమె చేతి కుట్టు లేని భుజం లేదు. ఇమాం సాహెబ్ పోయాక మిషను ఆమెదే అయింది. కూతురు షాహిదా క్రోసూరులో కాపురముంటుంది, రమ్మంటుంది, కానీ కూతురి ఇంట్లో కూర్చుని కూరగాయలు తరగటం పీరాంబీకి సరిపడే పని కాదు. ఆ బంకే ఆమె ఇల్లు, పొయ్యి, పేరు. అది పోతే ఆమె ఎక్కడో ఒకచోట ఉంటుంది గానీ దర్జీగా ఉండదు.

కాబట్టి రుజువు కోసం తిరిగింది. పుల్లారావు తాలూకా ఆఫీసు కాగితం తెమ్మన్నాడు. తాలూకాలు తీసేసి మండలాలు పెట్టిన కొత్త అది. తాలూకా ఆఫీసున్న చోట తాళం ఉంది. మండలాఫీసులో, పాత రికార్డులు తాలూకాలోనే ఉన్నాయన్నారు. గుంటూరు పొమ్మన్నారు. గుంటూరులో ఒక వరండా నుంచి ఇంకో వరండాకు పంపి, చివరకు, మిలటరీ సంగతి మిలటరీకే రాయమన్నారు. కార్డు ముక్క మీద ఒక పంతులు చేత రాయించి పంపింది. రెండు నెలలకు జవాబు వచ్చింది. ఆ పేరుతో దర్జీ ఎవరూ తమ జాబితాలో లేరు.

"ఉంటే గదమ్మా ఉండేది," అన్నాడు పుల్లారావు చెవిలో పిన్నీసు తిప్పుకుంటూ.

"మా బంకు మొదట్లో లోపలే ఉండేదయ్యా. ఏడో బారకు పక్కన. పాకిస్తానుతో లడాయి వచ్చినప్పుడు బయటోళ్లెవరూ లోపల ఉండకూడదని గేటు బయటికి తెచ్చిపెట్టారు. ఆ ఖాళీ ఇప్పటికీ అట్టనే ఉంది, లేచి చూడు."

పుల్లారావు లేవలేదు. ఖాళీ రుజువు కాదన్నాడు. కాగితం మీద ఉన్నదే రుజువన్నాడు. పోనీ బయటికి పంపినప్పుడు ఏదన్నా రాసిచ్చారా అని అడిగాడు. గుర్తులేదంది. అయితే రేపు రమ్మన్నాడు. రేపు వచ్చి ఏం చెయ్యాలో చెప్పలేదు.

గోపాలకృష్ణయ్య గారు మంచివాడే. చెడ్డవాడైతే తిట్టుకోవటానికన్నా ఉండేది. ఎప్పుడు పోయినా కూర్చోమనేవాడు, మంచినీళ్లు ఇప్పించేవాడు, చూద్దామమ్మా అనేవాడు. ఆరు నెలలు అట్లా మంచినీళ్లు తాగి వచ్చింది పీరాంబీ.

ఈలోపు లోపలి వాళ్ల గొడవ వేరేగా ఉంది. కొట్టు చేతికి రాగానే ముందుకు మూడడుగులు వసారా దించుకోకపోతే పల్నాడులో వ్యాపారస్తుడికి నిద్రపట్టదు. పున్నారావు మేస్త్రీ పేతురును పిలిపించి, ఒక్క రోజులో ఇటుక స్తంభాలు లేపించి, రేకులు వేయించాడు. తెల్లారి ఐదున్నరకు ఆయన బారకు వరస చూసుకుని, వసారా ముందంచు పక్క గోడలకు సమానమయ్యేదాకా వెనక్కి నడిచింది. వెనక గోడ మురిక్కాలవలో దిగింది. యూరియా బస్తాలు రెండు కాలవలో కరిగిపోయాయి. పున్నారావు పట్టువదలకుండా కొట్లవాళ్లందర్నీ కూడగట్టి, అందరం ఒకే రోజు మూడడుగులు దించుకుందాం, వరస చెడదు గదా అన్నాడు. అది మంచి ఆలోచనే. కానీ బారకులు కుడివైపు నుంచి వరస చూసుకుంటాయి. కుడి చివర ఉన్నది ఒకటో నంబరు, అంటే ఆఫీసు. ఆఫీసు వసారా దించుకోలేదు. పదకొండు బారకులూ కలిసి వెనక్కి నడిచాయి.

పున్నారావు స్పెషలాఫీసరు దగ్గరకు పోయి, ఆఫీసుక్కూడా ఒక వసారా దించమని ప్రాధేయపడ్డాడు. ఎస్టిమేట్లలో లేదన్నాడు గోపాలకృష్ణయ్య గారు. ఆయన తలనొప్పి ఆయనకుంది. ప్లానులో బారకులు అర్ధచంద్రాకారంలో ఉండాలి, మధ్యలో పూలతొట్టి. కొత్తగా కట్టించిన ప్రతి గోడా పొద్దుటికి తిన్నగా నిలబడుతోంది. ప్లాను ఒకచోట, గోడ ఒకచోట. మే పదిహేనున ప్రారంభోత్సవానికి కలెక్టరు వస్తున్నాడు. ఈ ఫాలిన్ ఆపే మార్గం చూడమని ఆయన ప్రతి మీటింగులోనూ అడిగేవాడు, ప్రతి మీటింగులోనూ అందరూ అబ్దుల్ మజీద్ వంక చూసేవాళ్లు. ఆయన హవల్దారు చేసి రిటైరైన మనిషి.

ఒకరోజు మజీద్ ఒప్పుకున్నాడు. పాత యూనిఫాం పీరాంబీ చేత నడుము దగ్గర వదులు చేయించుకుని, మైదానం మధ్యలో నిలబడి, బారకుల వైపు తిరిగి, ఇక వరస విడిపొమ్మని, 'విసర్జన్' అని మూడుసార్లు అరిచాడు. రైలు కట్ట అవతల దాకా వినపడింది. బారకుల పెంకుల మీద నుంచి కాస్త దుమ్ము రాలింది. అంతే. పొద్దున్నే మళ్లీ ఫాలిన్.

మజీద్ వరస ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వచ్చి, "లెక్క పూర్తి కాలేదు. లెక్క పూర్తి కాకుండా విసర్జన్ ఉండదు," అన్నాడు. బారకుకూ బారకుకూ మధ్య మూరెడు సందుంటుంది. ఏడుకీ ఎనిమిదికీ మధ్య మాత్రం తొమ్మిదడుగులు. ఎవరో డ్యూటీ మీద బయట ఉన్నారు, వాళ్ల జాగా పట్టిపెట్టాయి అన్నాడు. ఆ జాగాలో పున్నారావు ఒకసారి రేకుల షెడ్డు వేస్తే, తెల్లారేసరికి అది ముళ్లకంచె అవతల జొన్న చేలో కనపడిన సంగతి అందరికీ తెలుసు.

జనంలో నుంచి పీరాంబీ, "అది మా బంకు జాగా," అంది.

"నీ బంకైతే అదే రావాల గదా. సెలవు లేకుండా ఎవరూ బయట ఉండరు," అన్నాడు మజీద్. "గేటు పక్కనే ఉండి ఇరవై ఏళ్ల నుంచి ఎందుకు రాట్లా?"

వెనక నుంచి పున్నారావు, దర్జీ పని గదా, చెప్పిన రోజుకు ఎప్పుడొచ్చింది గనక, అన్నాడు. అందరూ నవ్వారు. లాల్చీ ఇంకా కాలేదని పీరాంబీ ఆయన్ని ఆ నెల రెండుసార్లు తిప్పి పంపింది.

మే నెల వచ్చింది. నాపరాళ్లు మధ్యాహ్నానికి పెనంలా కాలుతున్నాయి. తారీఖు ఇంకా వారం ఉందనగా, ఒక చొక్కాకు కాలరు కత్తిరించటానికి పీరాంబీ తల పైనున్న మేకు నుంచి కాగితం అచ్చు తీసింది. గుడ్డ మీద పరిచి సుద్దముక్కతో చుట్టూ గీసింది. రెండో ముక్క గీయటానికి కాగితం తిరగేస్తే, వెనక వైపు ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. టైపు కొట్టిన అక్షరాలు.

సుద్దముక్క ఆగిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. బంకును బయటికి తెచ్చిన రోజు ఇమాం సాహెబ్ కమాండెంటు దొర దగ్గర నుంచి ఒక కాగితం తెచ్చి సొరుగులో పెట్టాడు. ఏందిది అంటే ఏందో ఇంగ్లీషులో ఉంది అన్నాడు. ఆయనకు రాదు, ఆమెకు రాదు. మిలటరీ కాగితం అట్టలాగా దళసరిగా ఉండేది. కాలరు అచ్చుకు అట్లాంటి కాగితం ఊళ్లో దొరికేది కాదు. ఒక పూట ఆయన భోజనానికి పోయినప్పుడు తీసి, కొలత పెట్టి, కత్తిరించింది. ఇరవై ఒక్క ఏళ్లలో ఎన్ని వందల మెడలకు ఆ కాగితం పరిచిందో ఆమెకే తెలియదు. అంచు నలగలేదు. ఆరు నెలలుగా తాలూకాలూ గుంటూర్లూ తిరిగి వెతికిన కాగితం కిందే రోజూ కూర్చుని అన్నం తిన్నది.

తన మీద తనకు వచ్చిన కోపానికి ఆ పూట ఆమె ఇక మిషను తొక్కలేదు. కాగితం తీసుకుని నేరుగా ఆఫీసుకు పోయింది.

పుల్లారావు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అర్ధచంద్రంలా వంపు తిరిగి, రెండు చివర్లా మొనలు.

"సీలేదమ్మా?"

"అక్కడ మెడ వచ్చింది."

"తారీఖు?"

"అదీ మెడలోనే పోయింది."

పుల్లారావు కాగితాన్ని పక్క బల్ల వాళ్లకు చూపించి, రుజువు తెమ్మంటే కాలరు తెచ్చింది చూడండయ్యా అన్నాడు. ఆ నవ్వు గోపాలకృష్ణయ్య గారి గదిలోకి వినపడి ఆయన పిలిపించాడు. కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని మర్యాదగానే చూశాడు. సీలు లేదు, సంతకం లేదు, వాక్యాలకు తలా తోకా లేవు, ఫైల్లో పెడితే ఆడిట్ వాళ్లు తనను అడుగుతారు అన్నాడు. తనేమీ చేయలేనన్నాడు. మంచినీళ్లు ఇప్పించాడు. పీరాంబీ గ్లాసు ముట్టుకోకుండా లేచి వచ్చేసింది.

పధ్నాలుగో తారీఖు పొద్దున మజీద్ ఒక చొక్కా తెచ్చాడు. కలెక్టరు వస్తున్నాడు, కాలరు చిరిగింది, విప్పి లోపలి వైపు పైకి తిప్పి కుట్టమన్నాడు. రేపు బంకే ఉండదు, నీ కాలరొకటి తక్కువైంది అంది పీరాంబీ. అంటూనే చొక్కా అందుకుంది. పని వద్దనటం ఆమెకు చేతకాదు. కాలరు విప్పి, అది సాగిపోయి ఉంటే కొలత సరిచూడటానికి ఆ అచ్చే తీసి పైన పరిచింది.

"రిటైరయ్యాక నీ మెడ లావెక్కింది మజీద్ భాయ్. పటాలం తిండి పోయినా ఇంటి తిండి పట్టినట్టుంది."

మజీద్ కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, కాగితం మీదికి వంగాడు. ఇంగ్లీషు ఆయనకు నిదానంగా వచ్చు, పటాలం ఇంగ్లీషు మాత్రం బాగా వచ్చు. వేలు పెట్టి ఒక్కో మాటా చదువుకున్నాడు.

"ఇది ఎక్కడిది?"

చెప్పింది. ఆఫీసులో నవ్విన సంగతి కూడా చెప్పింది.

"వాళ్లు చదవలా?"

"సీలు కోసం చూశారు."

మజీద్ కాగితాన్ని మిషను బల్ల మీద సాపుచేసి, వేలితో చూపిస్తూ చెప్పాడు. మొదటి వరస సగం తెగిపోయింది. రెండో వరసలో దర్జీ దుకాణం అని ఉంది. మూడో వరసలో, పెద్ద గేటు బయట నిలబడాలి అని ఉంది. అడుగున, మొన దగ్గర, తిరిగి పిలిచేదాకా అని ఉంది.

పీరాంబీ ఆ మొనను వేలితో తడిమి చూసింది.

"అదీ సంగతి," అన్నాడు మజీద్. "నీ బంకు సెలవు మీద లేదు, డ్యూటీ మీద ఉంది. పిలిచేదాకా నిలబడమన్నారు, నిలబడింది. లడాయి అయిపోయాక పిలవాల్సిన వాడు మర్చిపోయాడు."

"అయితే నువ్వు పిలువు."

"నేను పిలిస్తే రాదు. కమాండెంటు పిలవాల. కమాండెంటు అంటే క్యాంపు చార్జి ఎవరి సంతకంతో తీసుకున్నారో వాళ్లు."

చార్జి కాగితాల మీద సంతకం గోపాలకృష్ణయ్య గారిది. పీరాంబీ ఆ సాయంత్రమే పోయింది. ఆయన చివరిదాకా విన్నాడు. పిలిస్తే చోటు ఇచ్చినట్టవుతుంది, చోటు ఇవ్వటానికి రుజువు కావాలి, రుజువు లేదు కాబట్టి పిలవలేను అన్నాడు. ఆరు నెలలు తిరిగి తిరిగి మొదటికే వచ్చింది. పీరాంబీకి ఏడుపు రాలేదు. కత్తెర ఎవరో మొండిచేసి ఇచ్చినట్టు అరచేతులు మండాయి.

పదిహేను తెల్లారి ఐదింటికే పేతురు నలుగురు కూలీలతో గడ్డపారలు పట్టుకుని వచ్చాడు. ఏం చెయ్యమంటావక్కా, నా పని ఇది, అన్నాడు తలకాయ దించుకుని. నీ తప్పేముంది అని పీరాంబీ బంకు ఎక్కి మిషను ముందు కూర్చుంది. దిగనంది. జనం పోగయ్యారు. గోపాలకృష్ణయ్య గారు ఇస్త్రీ బట్టల్లో, నిద్రలేని కళ్లతో వచ్చాడు. పదింటికి కలెక్టరు. అర్ధచంద్రం ఇంకా తిన్నగానే ఉంది.

మజీద్ జరిగినదంతా అందరిలో ఒకసారి చెప్పాడు. దర్జీ దుకాణం వస్తే లెక్క పూర్తవుతుంది, లెక్క పూర్తయితే విసర్జన్ చెప్పొచ్చు. ఆ ముక్క వినగానే పున్నారావు జనాన్ని తోసుకుని ముందుకు వచ్చాడు. నిన్నటిదాకా పీరాంబీని చూసి నవ్వినవాడు.

"ఒక్క మాట పిలవండి సారూ. మీదేం పోయింది? వరస విడిపోతే మీ చంద్రుడు వంగుతాడు, మా వసారాలు దిగుతాయి."

కొట్లవాళ్లందరూ పిలవండి సారూ అన్నారు. గోపాలకృష్ణయ్య గారు గడియారం చూసుకున్నాడు. ఐదూ ఇరవై ఎనిమిది.

"పిలిచినంత మాత్రాన అలాట్‌మెంటు అయినట్టు కాదు. అది అందరూ గుర్తుపెట్టుకోండి," అన్నాడు.

"మీరు పిలవండయ్యా," అంది పీరాంబీ లోపల నుంచి. "మిగతాది అది చూసుకుంటది."

ఏమని పిలవాలో ఆయనకు తెలియలేదు. మజీద్ చెవిలో చెప్పాడు. ఇరవై ఏళ్లు ఫైళ్ల మీద తప్ప ఎవరికీ ఆజ్ఞ ఇవ్వని మనిషి, గొంతు సవరించుకుని, సిగ్గుపడుతూ, పెళ్లిలో పద్యం చదివినట్టు అన్నాడు.

"దర్జీ దుకాణం. ఫాలిన్."

బంకు కిందున్న నాపరాళ్ల మీద నుంచి నాలుగు కాళ్లూ ఒక్కొక్కటే లేచాయి. ఇరవై ఒక్క ఏళ్లుగా వాటికి అంటుకున్న మట్టి పెళ్లలు రాలాయి. పేతురూ కూలీలూ పక్కకు తప్పుకుని దారిచ్చారు. బంకు తొందరపడలేదు. గేటు లోంచి మైదానం మీదుగా, రేకు టప్పటప్పమని చప్పుడు చేస్తుండగా, పన్నెండు, పదకొండు, పది, తొమ్మిది, ఎనిమిది దాటుకుంటూ నడిచింది. పీరాంబీ ఒక చేత్తో మిషను చక్రం, ఇంకో చేత్తో మజీద్ చొక్కా పట్టుకుని కూర్చుంది. మేకుకు కాలరు అచ్చు ఊగుతోంది. ఏడుకీ ఎనిమిదికీ మధ్య బంకు వెనక్కి తిరిగి, సర్దుకుని, నిలబడింది. ఆరడుగుల బంకు. అటు మూరెడు, ఇటు మూరెడు.

అప్పుడు ఐదున్నరయింది. బారకులు గుర్రుమన్నాయి. ఆ రోజు జరగాల్సింది ఎక్కువ లేదు.

మజీద్ ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి వచ్చి, లెక్క పూర్తి అన్నాడు. గోపాలకృష్ణయ్య గారు నుదురు తుడుచుకుని, ఇక ఆ రెండో మాట చెప్పమన్నాడు. పున్నారావు అప్పుడే పేతురుకు ఇటుకల గుట్ట చూపిస్తున్నాడు. మజీద్ మైదానం మధ్యకు పోయి గుండె నిండా గాలి పీల్చుకున్నాడు.

"మజీద్ భాయ్," అని పిలిచింది పీరాంబీ. గట్టిగా కూడా పిలవలేదు. "నీ గొంతు బాగాలేనట్టుందే."

మజీద్ ఆమె వంక చూశాడు. విసర్జన్ అంటే బంకుకూ విసర్జనే. వరస ఉన్నంతసేపే ఆ తొమ్మిదడుగులు ఆమెవి. విడిపోయిన మర్నాడు గడ్డపారతో వచ్చేవాడికి అడ్డు చెప్పటానికి పన్నెండు బారకులు ఉండవు.

పీల్చిన గాలి నిదానంగా వదిలేసి, మజీద్ దగ్గాడు.

"బాగాలేదు సార్. రాత్రి నుంచి నలతగా ఉంది," అన్నాడు.

"ఎప్పటికి తగ్గుతుంది?" అన్నాడు గోపాలకృష్ణయ్య గారు.

"కాగితం మీద చోటు రాసిచ్చిన రోజు తగ్గొచ్చయ్యా," అంది పీరాంబీ. "రేపు రండి. చూద్దాం."

పదింటికి కలెక్టరు వచ్చాడు. వరస ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, ఇంత తిన్నగా కట్టిన సముదాయం జిల్లాలో లేదని స్పెషలాఫీసరు చెయ్యి పట్టుకుని ఊపాడు. పటంలో చంద్రుడెక్కడ అని అడగలేదు. నడుస్తూ నడుస్తూ బంకు దగ్గర ఆగి, దీనికి నంబరు వేయలేదేమని అడిగాడు. పుల్లారావు పరుగున పోయి రంగు డబ్బా తెచ్చి, చెమటలు కక్కుతూ, బంకు నుదుటి మీద '7-ఎ' అని రాశాడు. నంబరు వేశాక ఫైలు తెరవాలి. ఫైలు తెరిచాక అందులో మొదటి కాగితం ఏదో ఒకటి ఉండాలి. ఉన్నది ఒక్కటే కాగితం. పుల్లారావు బంకు దగ్గరకు వచ్చి, తల పక్కకు తిప్పుకుని, ఆ కాలరు ఇస్తావా అమ్మా అని అడిగాడు. పీరాంబీ దాన్ని ఇంకో అట్ట మీద పరిచి, గీసుకుని, కత్తిరించుకున్నాక ఇచ్చింది.

చోటు పత్రం పదకొండు రోజులకు వచ్చింది. శాశ్వతం అనే మాట ఉందో లేదో మజీద్ చేత రెండుసార్లు చదివించుకుని సొరుగులో పెట్టి తాళం వేసింది.

"ఇక చెప్పమంటావా ఆ మాట?" అన్నాడు మజీద్.

పీరాంబీ దారం పంటితో తెంపి బయటికి చూసింది. పున్నారావు ఇటుకల గుట్ట అంగుళం తరగకుండా అక్కడే ఉంది. దాని మీద మేకపిల్ల ఎక్కి నిలబడింది.

"ఇంకా దగ్గుతున్నట్టున్నావే," అంది.

మజీద్ ఒకసారి దగ్గి చూసుకుని, అవునన్నాడు.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే టీ గ్లాసు మిషను బల్ల మీద పెట్టుకుని కూర్చుంది పీరాంబీ. ఐదున్నరకు బంకు కొంచెం ముందుకు జరిగింది. టీ అంతా ఒళ్లో పడింది. మూడో బారకు నుంచి, గుండిగ రెండు చేతులా పట్టుకుని నిలబడిన హనుమాయమ్మ, పట్టుకోవాలే, ఎన్నిసార్లు చెప్పాలి నీకు, అని కేకేసింది.

పీరాంబీ చీర దులుపుకుంటూ, ఇంకో గ్లాసు పంపమంది.